అందరిదీ ఒకే ఆకాశం – మార్కోనీ జీవితం

మగ్గాల ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఒక సంగతి చెప్పక్కర్లేదు. ఒక్క పవర్‌లూమ్ ఆడుతుంటే కాస్త గొంతు పెంచి మాట్లాడుకోవచ్చు. పది ఆడుతుంటే మాత్రం సైగలే గతి. అందులో ఏ మగ్గం తప్పూ లేదు, దేని పని అది చేసుకుంటోంది. అన్నీ కలిసేసరికి ఎవరి మాటా ఎవరికీ చేరదు, అంతే.

మార్కోనీ గురించి చదువుతుంటే నాకు పదే పదే ఆ చప్పుడే గుర్తొచ్చింది. బళ్ళో మనం ఆయన గురించి నేర్చుకున్నది ఒకే ఒక్క వాక్యం, రేడియో కనిపెట్టినవాడు అని. కానీ ఆయన జీవితంలో అసలు కష్టం కనిపెట్టడంలో లేదు. కనిపెట్టిన తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. అప్పుడేం చెయ్యాలన్నదే అసలు ప్రశ్న. సగం జీవితం ఆయన దానితోనే కుస్తీ పట్టాడు. కొంత గెలిచాడు, కొంత తానే అడ్డుపడ్డాడు.

గుగ్లియెల్మో మార్కోనీ 1874 ఏప్రిల్ 25న ఇటలీలోని బొలోన్యా నగరంలో పుట్టాడు. తండ్రి జూసెప్పే భూములున్న ఆసామి. తల్లి ఆనీ జేమ్సన్ ఐర్లండ్ ఆడపిల్ల, పేరున్న వ్యాపార కుటుంబం నుంచి వచ్చింది. ఊరికి కాస్త దూరంలో పొంతెక్కియో అనే చోట వాళ్ళకి విల్లా గ్రిఫోనే అని పెద్ద ఇల్లు ఉండేది. పిల్లవాడు బడికి సరిగ్గా వెళ్ళింది తక్కువ, ఇంట్లోనే మాస్టర్లు వచ్చి చెప్పేవారు. ఆ తర్వాత కూడా యూనివర్సిటీ పట్టా ఏదీ సంపాదించలేదు. తండ్రికి ఇదంతా చిరాకు. తల్లికి మాత్రం కొడుకు మీద గట్టి నమ్మకం. ఈ కథలో ఆ తల్లి నమ్మకం చిన్న విషయం కాదు.

జర్మనీలో హైన్రిక్ హెర్ట్జ్ అనే శాస్త్రవేత్త, విద్యుత్ నిప్పురవ్వ నుంచి కంటికి కనబడని తరంగాలు పుడతాయని 1880ల చివర్లో ప్రయోగం చేసి చూపించాడు. ఆయన 1894 జనవరిలో, నిండా నలభై ఏళ్ళయినా రాకుండానే పోయాడు. ఆ ఏడు వేసవిలో ఆ ప్రయోగాల గురించి చదివిన మార్కోనీకి ఒక ఆలోచన పట్టుకుంది. తీగ లేకుండా తరంగం వెళ్తోందంటే తీగ లేకుండా టెలిగ్రామూ వెళ్ళాలి కదా! అప్పటికి ఆయన వయసు ఇరవై. అంటే మన బి.ఎ. మూడో సంవత్సరం వాళ్ళ ఈడు.

ఇంటి అటకమీద గదిలో పరికరాలు పెట్టాడు. తీగలేమీ లేకుండా గదికి అవతల ఉన్న గంటను మోగించి, ఒక రాత్రి తల్లిని లేపి మరీ చూపించాడంటారు. 1895లో ప్రయోగం తోటలోకి వచ్చింది. తీగలో ఒక కొసను ఎత్తుగా కట్టి, ఇంకో కొసను నేలలో పాతితే దూరం పెరుగుతోందని గమనించాడు. అన్న అల్ఫోన్సో అందుకునే పరికరంతో కొండకు అవతలి వైపు నిలబడ్డాడు. సందేశం అందితే తుపాకి పేల్చాలని ఏర్పాటు. తుపాకి పేలింది. దూరం రమారమి రెండున్నర కిలోమీటర్లు, మధ్యలో కొండ.

ఇవే రోజుల్లో మన కలకత్తాలో జగదీశ్ చంద్రబోసు కూడా ఇలాంటి తరంగాలనే, ఇంకా చాలా పొట్టివాటిని, సభలో చూపించాడు. ఇంగ్లండులో ఆలివర్ లాడ్జ్, రష్యాలో పొపోవ్ కూడా ఈ దారిలోనే ఉన్నారు. కాబట్టి రేడియో ఒక్కడి సొత్తు అనుకోవడం సరికాదు. మార్కోనీ ప్రత్యేకత ఏమిటంటే, దాన్ని ప్రయోగశాల నుంచి బయటికి తెచ్చి ఓడలకూ ఊళ్ళకూ పనికొచ్చేలా చేయడం.

1896లో తల్లి ఆయన్ని వెంటబెట్టుకుని లండన్ వెళ్ళింది. అక్కడ ఆవిడ బంధువులున్నారు. ఆ జూన్‌లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. బ్రిటిష్ పోస్టాఫీసు ముఖ్య ఇంజనీరు విలియం ప్రీస్ ఆదరించాడు. 1897లో కంపెనీ పుట్టింది. 1899 మార్చిలో ఇంగ్లిష్ చానెల్ దాటి ఫ్రాన్స్ నుంచి ఇంగ్లండుకు సందేశం వచ్చింది. ఇంకా పాతికేళ్ళు నిండని కుర్రవాడి పేరు పత్రికలన్నిటిలో మోగిపోయింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఆ యంత్రం ఎలా పనిచేసేదో చూడాలి. లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు.

రెండు ఇత్తడి గోళాల మధ్య కొంచెం సందు ఉంటుంది. అందులో విద్యుత్తు ఫట్టుమని దూకుతుంది. ఆ నిప్పురవ్వే తరంగాన్ని పుట్టిస్తుంది. వీణ తీగ మీటితే నాదం కాసేపు నిలుస్తుంది, అందుకే అది ఏ స్వరమో చెప్పగలం. అదే స్టీలు పళ్ళెం బండమీద పడితే? చప్పుడు ఠక్కున వచ్చి పోతుంది. అది సా అని గాని పా అని గాని చెప్పలేం, అన్ని స్వరాలూ కొంచెం కొంచెం అందులో ఉంటాయి. తరంగాల విషయంలోనూ ఇదే నియమం. ఎంత తక్కువసేపు ఉంటే అంత ఎక్కువ పౌనఃపున్యాల మీద పరుచుకుంటుంది. మార్కోనీ తొలి యంత్రాల రవ్వ సరిగ్గా పళ్ళెం చప్పుడు లాంటిది. అది ఒక దారిలో నడిచేది కాదు, రోడ్డంతా ఆక్రమించేది. ఈనాటి ఇంజనీర్లు అల్ట్రా వైడ్‌బ్యాండ్ అంటున్నదానికి తాతముత్తాత అదే.

ఒక్కడే ఉన్నప్పుడు రోడ్డంతా ఆక్రమించినా ఇబ్బంది లేదు. రెండోవాడు వచ్చాకే గొడవ.

ఈ సంగతి మార్కోనీకి తొందరగానే అర్థమయింది. 1900 ఏప్రిల్‌లో ఆయన తీసుకున్న బ్రిటిష్ పేటెంటు నంబరు 7777. నాలుగు ఏడుల పేటెంటు అని దానికి పేరొచ్చింది. రవ్వను నేరుగా ఏంటెన్నాకు తగిలించకుండా వేరే సర్క్యూట్‌లో ఉంచి, రెంటినీ ఒకే శ్రుతిలో కలపడం అందులోని కిటుకు. అప్పుడు తరంగం వెంటనే చచ్చిపోకుండా కొంతసేపు మోగుతుంది. మోగేకొద్దీ దాని వెడల్పు తగ్గుతుంది. అందుకునేవాడు కూడా అదే శ్రుతికి కలుపుకుంటే తనకు కావలసినదాన్ని ఏరుకోవచ్చు. లాడ్జ్ ఇంతకుముందే 1897లో శ్రుతి కలిపే పద్ధతికి పేటెంటు తీసుకుని ఉన్నాడు. తర్వాత 1911లో మార్కోనీ కంపెనీ దాన్ని కొనేసింది. నాలుగు ఏడుల పేటెంటుకు జోడీగా అమెరికాలో తీసుకున్న పేటెంటులోని ముఖ్యమైన అంశాలు చెల్లవని, మార్కోనీ పోయాక 1943లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఈ ముక్క కూడా చెప్పుకోవడం న్యాయం.

శ్రుతి కాగితం మీద బాగానే ఉంది. బయట? 1901లో న్యూయార్కు దగ్గర పడవ పందేలు జరిగాయి. పందెం వార్తల్ని వైర్‌లెస్ మీద పత్రికలకు పంపడానికి మార్కోనీ మనుషులు వచ్చారు. లీ డి ఫారెస్ట్ మనుషులూ వచ్చారు. మూడో కంపెనీ కూడా దిగింది. అందరూ ఒకేసారి మీటలు నొక్కారు, ఒకళ్ళమీద ఒకళ్ళు పడ్డారు. ఒడ్డున వింటున్నవాళ్ళకి గరగర తప్ప అందింది చాలా తక్కువ.

అదే ఏడు డిసెంబరు 12న మార్కోనీ జీవితంలో గొప్ప రోజు వచ్చింది. ఇంగ్లండు పశ్చిమ కొసన పోల్డూ అనే చోట పెద్ద స్టేషన్ కట్టించి, తాను అట్లాంటిక్‌కు ఇవతల న్యూఫౌండ్‌లాండ్‌లోని సిగ్నల్ హిల్ ఎక్కాడు. గాలిపటానికి ఏంటెన్నా తీగ కట్టి ఎగరేశారు. ఈదురుగాలి, చలి. చెవికి రిసీవర్ ఆనించుకుని ఎదురుచూస్తే మూడు చుక్కలు, అంటే మోర్స్ కోడ్‌లో ఎస్ అనే అక్షరం, వినిపించిందని ఆయన ప్రకటించాడు. పక్కనున్న సహాయకుడు కెంప్ కూడా విన్నానన్నాడు. దూరం 3,400 కిలోమీటర్ల పైమాటే. నిజంగా విన్నారా లేక వాతావరణపు చిటపటలా అని ఈనాటికీ కొందరు శాస్త్రవేత్తలకు సందేహం ఉంది. అయితే 1902లో ఓడమీద వెళ్తూ సాక్షుల ముందు టేపు మీదే సంకేతాల్ని ముద్రించి చూపించాడు. ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ రోజుల్లో ఆకాశం దాదాపు ఖాళీ. ఇద్దరో ముగ్గురో తప్ప అరిచేవాళ్ళే లేరు.

1903 జూన్‌లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఒక సభ జరిగింది. శ్రుతి కలిపిన వైర్‌లెస్‌లో మూడోవాడు చొరబడలేడని మార్కోనీ పక్షం చెప్పుకుంటోంది. సభలో ప్రొఫెసర్ ఫ్లెమింగ్ ఉపన్యాసం, దూరాన పోల్డూలో మార్కోనీ. ఇంతలో సభలోని యంత్రం తనంతట తానే టకటకలాడింది. మార్కోనీని వెక్కిరించే మాటలు, ఒక తుంటరి పద్యం వచ్చాయి! చేసినవాడు నెవిల్ మాస్కెలిన్ అనే ఇంద్రజాలికుడు. దగ్గర్లోనే ఒక మామూలు రవ్వ యంత్రం పెట్టి పంపాడు. వెడల్పాటి చప్పుడు ఏ శ్రుతిలోనైనా కొంచెం పడుతుంది, దగ్గర నుంచి వస్తే ఆ కొంచెమే చాలు. పరువు పోయిందని ఫ్లెమింగ్ కోపంగా పత్రికకు రాశాడు. మాస్కెలిన్ దాచుకోలేదు, నిజం బయటపెట్టడానికే చేశానన్నాడు.

శ్రుతి ఒక్కటే చాలదని తేలింది. ఇక రెండో ఉపాయం, ఆకాశమంతా తనదే చేసుకోవడం. మార్కోనీ కంపెనీ యంత్రాన్ని అమ్మేది కాదు, ఓడలకు అద్దెకిచ్చి ఆపరేటర్‌ను కూడా తానే పంపేది. వేరే కంపెనీ యంత్రమున్న ఓడ పిలిస్తే మార్కోనీ స్టేషన్లు పలకకూడదని రూలు పెట్టింది. రెండు పక్షాల వాళ్ళూ కలిస్తే గందరగోళమని కంపెనీ వాదన. వ్యాపారం కూడా అందులో ఉందని ఎవరికైనా తెలుస్తుంది. 1902లో జర్మనీ చక్రవర్తి తమ్ముడు హైన్రిక్ రాకుమారుడు అమెరికా నుంచి ఓడలో తిరిగి వెళ్తూ కృతజ్ఞతలు పంపబోతే, ఆ ఓడలో ఉన్నది జర్మన్ యంత్రం కాబట్టి మార్కోనీ స్టేషన్లు అందుకోలేదు. జర్మనీకి మండింది. 1903లో బెర్లిన్‌లో దేశాలన్నీ కూర్చున్నాయి. 1906లో మళ్ళీ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. యంత్రం ఏ కంపెనీదైనా ఒడ్డూ ఓడా ఒకదానికొకటి పలకాలి. ఆపదకు అందరికీ ఒకటే గుర్తు, ఎస్.ఓ.ఎస్. ఫలానా సేవకు ఫలానా తరంగాలు అని పంపకం కూడా అక్కడే మొదలయింది. మార్కోనీ కంపెనీకి ఇది ఇష్టం లేదు. కానీ లోకానికి మేలు చేసింది ఈ ఒప్పందమే అని నాకనిపిస్తుంది.

1909లో అమెరికా తీరాన పొగమంచులో రిపబ్లిక్ అనే ఓడను మరో ఓడ గుద్దింది. ఆపరేటర్ జాక్ బిన్స్ గంటలకొద్దీ సందేశాలు పంపి సాయం రప్పించాడు. రెండు ఓడల్లో కలిపి పదిహేను వందల మంది దాకా బతికారు. ఆ ఏడే మార్కోనీకి జర్మన్ శాస్త్రవేత్త బ్రౌన్‌తో కలిపి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది.

మూడేళ్ళు తిరిగేసరికి, 1912 ఏప్రిల్ 14 రాత్రి. టైటానిక్‌లో ఇద్దరు ఆపరేటర్లు, జాక్ ఫిలిప్స్, హెరాల్డ్ బ్రైడ్. ఇద్దరూ మార్కోనీ కంపెనీ ఉద్యోగులే. ముందురోజు యంత్రం పాడయి బాగుచేసుకున్నారు. ప్రయాణికుల టెలిగ్రాములు గుట్టగా పేరుకున్నాయి. ఫిలిప్స్ దూరాన ఉన్న కేప్ రేస్ స్టేషన్‌తో కష్టంమీద మాట్లాడుతున్నాడు. అంతలో దగ్గర్లో ఉన్న కాలిఫోర్నియన్ అనే ఓడ, చుట్టూ మంచుగడ్డలున్నాయని చెప్పబోయింది. దగ్గరి ఓడ కాబట్టి ఆ చప్పుడు ఫిలిప్స్ చెవిలో ఉరుములా పడింది, దూరపు మాట మునిగిపోయింది. పనిలో ఉన్నాను, అడ్డు రావద్దని ఫిలిప్స్ కసిరాడు. కాలిఫోర్నియన్ ఆపరేటర్ కాసేపు విని, పదకొండున్నర ప్రాంతంలో యంత్రం కట్టేసి పడుకున్నాడు. రాత్రంతా మెలకువగా ఉండాలని అప్పటికి చట్టం లేదు. పదకొండు నలభైకి టైటానిక్ మంచుకొండను తగిలింది.

కార్పేథియా అనే ఓడ ఆపరేటర్ నిద్రకు సిద్ధమవుతూ కూడా చెవి నుంచి ఫోన్లు తీయలేదు. అందువల్లే ఏడు వందల పైచిలుకు ప్రాణాలు దక్కాయి. పదిహేను వందల మంది పోయారు, వాళ్ళతో ఫిలిప్స్ కూడా. మరునాడు కొన్ని పత్రికల్లో అందరూ క్షేమం అని అచ్చయింది. గాలిలో కలగాపులగమైన సందేశాల వల్లే ఆ తప్పు వార్త పుట్టిందని చాలామంది నమ్మారు. మార్కోనీ అప్పుడు న్యూయార్కులోనే ఉన్నాడు. కార్పేథియా వచ్చాక ఎక్కి, కాళ్ళు దెబ్బతిన్న బ్రైడ్‌ను చూశాడు. బతికినవాళ్ళు ఆయన్ని దేవుడిలా చూశారు. అదే సమయంలో అమెరికా సెనేట్ కమిటీ ఆయన్ని పిలిచి గట్టిగా ప్రశ్నలు వేసింది. రెండూ న్యాయమే.

ఆ ఆగస్టులోనే అమెరికా రేడియో చట్టం చేసింది. లైసెన్సు లేకుండా ఎవరూ పంపకూడదు. సరదాకి పంపేవాళ్ళు 200 మీటర్లు, అంతకంటే పొట్టి తరంగాలతో సరిపెట్టుకోవాలి. తర్వాత వచ్చిన అంతర్జాతీయ ఒప్పందాలు పెద్ద ఓడల్లో రాత్రింబవళ్ళు వినేవాళ్ళుండాలని చెప్పాయి.

ఆ ఏడు సెప్టెంబరులోనే ఇటలీలో కారు ప్రమాదం జరిగి మార్కోనీకి కుడికన్ను పోయింది. 1905లో బియాట్రిస్ ఓబ్రియన్‌తో అయిన పెళ్ళి కూడా నిలవలేదు. ఇంట్లో కంటే ఓడల్లోనే ఎక్కువ కాలం గడిపిన మనిషి. 1924లో విడిపోయారు. 1927లో మరియా క్రిస్టినాను పెళ్ళాడాడు.

పనికిరావని సరదారాయుళ్ళకు వదిలేసిన పొట్టి తరంగాలే ప్రపంచం చుట్టూ తిరగడానికి మేలైనవని 1920ల్లో తేలింది. పొడుగు తరంగాల వెంటపడి దారి తప్పామని మార్కోనీ కూడా ఒప్పుకున్నాడు. ఎలెట్రా అనే తన ఓడనే ప్రయోగశాల చేసుకుని, సహచరుడు ఫ్రాంక్లిన్‌తో కలిసి పొట్టి తరంగాల్ని ఒకే దిక్కుకు పంపే బీమ్ పద్ధతిని తయారుచేశాడు. అన్ని దిక్కులకూ అరవకుండా కావలసినవాడి వైపే తిరిగి మాట్లాడటమన్నమాట. ఆకాశాన్ని పంచుకోవడానికి ఇదో మర్యాద. 1927లో ఇంగ్లండుకూ మన దేశానికీ ఈ బీమ్ కలిసింది. పంపే స్టేషన్ పుణె పక్కన ఖడ్కీలో, అందుకునే స్టేషన్ దౌండ్‌లో. సోలాపూర్ నుంచి పుణె వెళ్ళే రైల్లో మనం నిద్రమత్తులో దాటే ఆ దౌండే! ఆ ఏడే వాషింగ్టన్‌లో దేశాలు కూర్చుని, రవ్వ యంత్రాల్ని క్రమంగా తీసేయాలని నిర్ణయించాయి. ఏ యంత్రంతో పేరు తెచ్చుకున్నాడో ఆ యంత్రం ఆయన బతికుండగానే నేరమయింది.

ఇంకో మాట దాచకూడదు. మార్కోనీ 1923లో ముస్సోలినీ ఫాసిస్టు పార్టీలో చేరాడు, ఆ ప్రభుత్వం ఇచ్చిన పెద్ద పదవులు తీసుకున్నాడు. లోకమంతా మాట్లాడుకునే సాధనం ఇచ్చినవాడు నోళ్ళు నొక్కే ప్రభుత్వం పక్కన నిలబడ్డాడు. గొప్పవాళ్ళ జీవితం రాసేటప్పుడు ఇలాంటివి వదిలేస్తే అది జీవితచరిత్ర కాదు, స్తోత్రం అవుతుంది.

1937 జూలై 20న రోములో గుండె ఆగి మార్కోనీ పోయాడు. వయసు 63. మరునాడు బ్రిటన్‌లో పోస్టాఫీసు వైర్‌లెస్ స్టేషన్లూ బి.బి.సి.యూ రెండు నిమిషాలు ప్రసారం ఆపేశాయి. ఇతర దేశాల్లోనూ చాలా స్టేషన్లు మౌనం పాటించాయి. ఒకరిమీద ఒకరు పడి అరుచుకున్న ఆకాశంలో అందరూ ఒకే మాటమీద నిలబడి ఊరుకున్నారు.

ఆ తర్వాత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. నేరమైన ఆ వెడల్పు తరంగం మళ్ళీ వచ్చింది. 2002లో అమెరికా 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ దాకా అల్ట్రా వైడ్‌బ్యాండ్‌కు అనుమతి ఇచ్చింది. కొన్ని కార్ల తాళాల్లో, ఫోన్లలో ఇప్పుడు అది ఉంది. ఒక్కో స్పందన సెకనులో నూరు కోట్ల వంతు, ఆ ప్రాంతంలో ఉంటుంది. వీటికి పెద్దరికం చేసి వరస చెప్పేవాళ్ళు ఎవరూ ఉండనక్కర్లేదు. మరి గొడవ పడవా? మొదటి కారణం, అవి అరవవు. పక్కవాళ్ళకి మామూలు గరగరలో కలిసిపోయేంత మెల్లగా మాట్లాడాలని చట్టం. రెండోది, ఒక పద్ధతిలో ప్రతి యంత్రానికీ తనదైన తాళం ఉంటుంది. స్పందనలు ఏ క్షణాన పడాలో ఆ తాళం చెబుతుంది. వినేవాడికి ఆ తాళం తెలుసు కాబట్టి తనవి ఏరుకుని కూడుకుంటాడు. ఒకటి రెండు ఢీకొన్నా మిగిలినవి అర్థం చెబుతాయి. అయినా యంత్రాలు మరీ ఎక్కువైతే, లేదా ఒకటి మరీ దగ్గరికొస్తే, దూరపుది మునుగుతుంది. అంటే ఆ రాత్రి ఫిలిప్స్ చెవిలో జరిగినదే. ఆ చిక్కు ఈనాటికీ పూర్తిగా విడలేదు, ఇంజనీర్లు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు.

మార్కోనీ శ్రుతితో ప్రయత్నించాడు, గుత్తాధిపత్యంతో ప్రయత్నించాడు. మొదటిది సగం పనిచేసింది, రెండోది ఎదురు తిరిగింది. చివరికి నిలిచినవి రెండే. అందరూ కూర్చుని ఒప్పుకున్న నియమం, ఎవరికి వారు గొంతు తగ్గించుకోవడం. సాయంత్రం హాస్టల్ వరండాలో అందరం ఒకేసారి ఫోన్లలో మాట్లాడుతున్నప్పుడు ఈ రెండో ముక్క మనకూ పనికొస్తుంది.